కందకీ కత్తిపీటకీ మధ్య

2024 సంక్రాంతి వెళ్లిన వారానికి అన్నయ్య ఫోన్ చేశాడు. "పెరడంతా గచ్చు చేయించేస్తున్నామే. అమ్మకి కాలు జారుతోంది. ఇసుకా సిమెంటూ దింపించేశాను" అన్నాడు. నేను హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటులో స్టవ్ ముందు నిలబడి విన్నాను. వినగానే ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. "అమ్మనడిగావా అసలు?" అన్నాను. "చేయించమంది అమ్మే" అన్నాడు. నేను నమ్మలేదు. మగపిల్లలు తల్లి నోట్లో మాటలు పెట్టడం కొత్తా? రెండు రోజులు సెలవు పెట్టి బస్సెక్కాను, పెరడు కాపాడ్డానికి.

మాది ఉంగుటూరు. తాడేపల్లిగూడేనికీ ఏలూరుకీ మధ్య, హైవే మీద ఊరు. ఏలూరు కాలువ మా వైపు గీత గీసినట్టు పోతుంది. దానికి దక్షిణాన కొల్లేటి దాకా వరి మాగాణి, ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు మెట్ట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ ప్రాంతమంతా సార్వా, దాళ్వా అంటూ వరి లెక్కలోనే బతుకుతోంది. వరి చరిత్ర చాలామంది రాశారు. కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. వరి కాని చరిత్ర ఇళ్ల వెనకాల ఉంది. మా ఇంటి వెనక పది సెంట్ల పెరడు. సార్వా కోతలయ్యాక మొదలై ఉగాది దాకా మా ఇంటి కూర అందులోంచే వచ్చేది. బస్సులో రాత్రంతా నేను తలుచుకున్నది ఆ నాలుగు నెలలే.

కార్తీకం వెళ్తుంటే కంద చేతికొచ్చేది. దడి మీద పాకిన తీగబచ్చలి దానికి జోడీ. రెండూ చింతపండు రసంలో ఉడికి, దించబోయే ముందు ఆవముద్ద పడిందంటే ఆ ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కేది. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు వచ్చేవి. చలికి వంకాయ నిగనిగలాడేది. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరిన కారంతో ఆ లేత వంకాయ నోట్లో కరిగిపోయేది. పాతరలోంచి తేగలు బయటికొచ్చేవి. భోగికి కొత్తబియ్యం, కొత్తబెల్లం కలిసి అరిసెలయ్యేవి, కనుమకి మినుములు గారెలయ్యేవి, గుమ్మడిపండు దప్పళంలో తేలేది. పందిరి చిక్కుడు మాఘం దాకా కాసేది. రథసప్తమి నాడు ఆ కాయలే పుల్లలతో రథమయ్యేవి, ఆ ఆకులే పరమాన్నానికి విస్తళ్లయ్యేవి. ఎండ కాస్త ముదిరేసరికి బూడిదగుమ్మడి వడియాలు చాపల మీద ఎండేవి. ములగచెట్టు పూత దులుపుకుని కాడలు వేలాడేసేది. పనసచెట్టుకి చిన్నకాయలు దిగి పొట్టుకూరయ్యేది. ఫాల్గుణంలో చింత చిగురించేది. ఆ చిగురూ ఎండురొయ్యలూ కలిస్తే ఆ పూట అన్నం రెండింతలు చెల్లిపోయేది. కొత్త చింతపండు గింజలు వదిలించుకుని జాడీలోకి ఎక్కేది. ఆఖరికి వేపపూతా మామిడిపిందే వచ్చి ఉగాది పచ్చడయ్యేది.

చదివారుగా. మీకూ మీ పెరడు గుర్తొచ్చి ఉంటుంది. ఇప్పుడు ఒక్కసారి వెనక్కి వెళ్లి ఆ వాక్యాల్లో క్రియలు చూడండి. కూర అయ్యేది, వడియాలు ఎండేవి, అరిసెలయ్యేవి. చింతపండు తన గింజలు తానే వదిలించుకుని నడుచుకుంటూ వెళ్లి జాడీలో కూచుందట! నేను కావాలని అలా రాయలేదు. తలుచుకున్నప్పుడు అలాగే వచ్చింది. మా చిన్నప్పటి రుచుల గురించి ఎవరు రాసినా, ఎవరు మాట్లాడినా అలాగే వస్తుంది. తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది కదా, ఆ వెసులుబాటుని మనం అమ్మల మీదే ఎక్కువ వాడుకున్నాం.

వడియాలు ఎండలేదు. తెల్లవారుజామున నాలుగింటికి అమ్మ పప్పు రుబ్బింది. అంతకు ముందు రోజు గుమ్మడికాయ కొట్టించి, ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టి, దాని మీద రాయి పెట్టి నీరంతా దిగేదాకా ఉంచింది. ఎండలో గొంతుకూచుని పెట్టింది. కాకుల్ని తోలింది, తిరగేసింది, సాయంత్రం లోపల పెట్టి మర్నాడు మళ్లీ తీసింది. అలా నాలుగు రోజులు. చిక్కుడు మాఘం దాకా ఊరికే కాయలేదు. పేనుబంక పట్టినప్పుడల్లా పొద్దున్నే మంచు తడి ఆరకముందు పొయ్యిలో బూడిద చల్లింది. బియ్యం కడిగిన నీళ్లు ఒక పాదుకి, గిన్నెలు తోమిన నీళ్లు కంద మడికి, చేపలు కడిగిన నీళ్లు ములగ మొదట్లోకి. ఇంట్లో ఏ చుక్క ఎటు పోవాలో ఆవిడకి తెలుసు. దోసగింజలు పేడలో అద్ది గోడకి కొట్టి ఉంచడం, బీరకాయ ఒకటి చెట్టు మీదే ముదరనిచ్చి వంటింటి వాసానికి వేలాడగట్టడం, ఇవన్నీ వచ్చే ఏటి పని ఈ ఏడే చేసి పెట్టుకోవడం.

ఇక కంద. పచ్చికంద దురద తెలియనివాళ్లకి చెప్పలేం. చెక్కు తీసేటప్పుడు చేతులకి నూనె రాసుకున్నా, చింతపండు పట్టించుకున్నా మణికట్టు దాకా ఎర్రగా కందిపోయేది అమ్మకి. రాత్రి పడుకున్నాక గోక్కోవడం వినపడేది నాకు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని సామెత. సంబంధించినవాళ్లకే పట్టని సంగతి మనకెందుకు అనడానికి వాడతాం. ఎన్ని వందలసార్లు విన్నానో, వాడానో. ఎప్పుడూ తట్టలేదు. ఆ సామెతలో కంద ఉంది, కత్తిపీట ఉంది, రెండింటి మధ్య దురద పుట్టిన చెయ్యి లేదు.

మరో సంగతి. అమ్మ వండుతూ ఎప్పుడూ రుచి చూడలేదు. ఎంగిలి అవుతుందని. దేవుడికి పెట్టకముందు ముట్టకూడదు, నాన్నకి వడ్డించకముందు తినకూడదు. ఉడుకుతున్న వాసన బట్టి ఉప్పు పోల్చుకునేది. నూటికి తొంభైసార్లు సరిగ్గానే ఉండేది. ఆ తొంభైసార్లూ నాన్న ఏమీ అనేవారు కాదు. మిగతా పదిసార్లూ "ఉప్పు తగ్గింది" అనేవారు. అంతకు మించి ఒక్క మాట లేదు. చెడ్డమనిషి కాదు. కంచంలో మాట్లాడకుండా తినడమే మెచ్చుకోవడం అని నమ్మిన తరం.

ఇంతవరకూ తేలిక. ఇది చాకిరీ అని, లెక్కకి రాని శ్రమ అని మనం పాతికేళ్లుగా అంటూనే ఉన్నాం, అనాలి కూడా. 2019లో జాతీయ గణాంక కార్యాలయం మన దేశంలో ఎవరి రోజు ఎలా గడుస్తోందో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు అందులో రోజుకి 299 నిమిషాలు గడుపుతుంటే, చేసే కొద్దిమంది మగవాళ్లు 97 నిమిషాలు గడుపుతున్నారట. ఆ లెక్కలో ఇంటి కోసం పండించుకోవడం ఒక పద్దు, వంట ఇంకో పద్దు. అమ్మకి ఆ రెండింటి మధ్య గడప కూడా లేదు. కడుగునీళ్లు చేత్తో పట్టుకుని వంటింట్లోంచి పాదు దగ్గరికి నడిచిన పది అడుగులు ఏ పద్దులో రాస్తారో!

కష్టం ఎక్కడొచ్చిందంటే, అమ్మ ఆ పెరట్లో సంతోషంగా ఉండేది. ఇది నేను కళ్లారా చూసింది, కాదనలేను. వంటింట్లో పిలిస్తే విసుక్కునే మనిషి పెరట్లో మొక్కలతో మాట్లాడేది. మాతో ఎప్పుడూ వాడని గొంతు అది. నాన్న ఆ వైపు వచ్చేవారు కాదు. పొలం ఆయనది, పెరడు ఆవిడది. పొలంలో ఏ వరి వెయ్యాలో ఎవరూ అమ్మని అడగలేదు. పెరట్లో ఏ వంగ వెయ్యాలో అమ్మ ఎవరినీ అడగలేదు. ముగ్గులోకి గొబ్బెమ్మలకి పూలు కోసుకురమ్మని పంపుతూ నాకు మొదటి పాఠం చెప్పింది అక్కడే: "కింద పిందె ఉన్న పువ్వు ముట్టుకోకు. సన్నటి కాడ పువ్వు కొయ్యి." మగపువ్వుది ఉత్త కాడ, ఆడపువ్వు కింద చిన్న గుమ్మడికాయ. నెలంతా ముగ్గు మధ్యలో వైభోగంగా కూచునేవి మగపూలు. ఆడపూలు తీగ మీదే ఉండి పని చేసుకునేవి. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ, అప్పుడు ఆ తేడా కనిపెట్టగలగడం నాకు పెద్ద విద్య దొరికినట్టుండేది.

అక్కడే అమ్మకో చిన్న ఆర్థిక వ్యవస్థ కూడా ఉండేది. కొల్లేటి వైపు నుంచి చేపల బుట్ట నెత్తినెట్టుకుని ఒకావిడ వచ్చేది. చలికాలంలో కొర్రమీను, మట్టగిడసలు. వంకాయలూ చిక్కుళ్లూ ఆవిడ బుట్టలో, చేపలు మా గిన్నెలో. డబ్బు ఉండేది కాదు ఆ బేరంలో. అందుకే నాన్న దాకా పోయేది కాదు. ఆ ఇద్దరాడవాళ్లూ అరుగు మీద కూచుని ఆకూవక్కా వేసుకుంటూ అరగంట మాట్లాడుకునేవారు. తర్వాత కొల్లేరంతా చేపల చెరువులైంది, చేప ఐసులో పెట్టి లారీల్లో కలకత్తా వెళ్లింది. 2006లో చెరువుల గట్లు కొట్టినప్పటికి ఆవిడ రావడం మానేసి చాలా ఏళ్లయింది.

ఆలిస్ వాకర్ తన తల్లి తోట గురించి 1974లో రాసిన వ్యాసం మనలో చాలామందిని కదిలించింది. పొలాల్లో చాకిరీ చేసి వచ్చి కూడా ఆ తల్లి ఇంటి చుట్టూ పూలు పెంచింది. రాయడానికి, గీయడానికి వీలు దొరకని నల్లజాతి స్త్రీలు తమ సృజనని ఎక్కడ దాచుకున్నారో ఆ తోటలో చూపించింది వాకర్. అది చదివిన కొత్తలో నాకు కళ్లు తెరుచుకున్నట్టయింది. మా అమ్మా కళాకారిణే అని ఒక సభలో మాట్లాడాను కూడా. చప్పట్లు కొట్టారు. ఇప్పుడాలోచిస్తే ఆ మాట నాకు ఎంత చవగ్గా వచ్చిందో అనిపిస్తోంది. వాకర్ తల్లివి పూలు. ఎవరూ తినరు వాటిని, ఒక రోజు నీళ్లు పొయ్యకపోతే ఇంట్లో పస్తు ఉండదు. మా అమ్మ చిక్కుడుపాదు అందమైనదే, కానీ దానికి ఆరుగురు తినేవాళ్లున్నారు. కళ అని పేరు పెట్టేశాక ఆ ఆరుగురిలో నేనొకదాన్నని మర్చిపోవచ్చు. సుఖంగా ఉంటుంది.

ఆ మనిషి అక్కడ ఏలింది నిజమే. కానీ ఏ హక్కుతో? నాన్న పోయాక కాగితాలు రాసుకున్నాం. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా ఉంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. నా పెళ్లి 1993లో. వాటా ఉందని నాకు తెలుసు, నలుగురికీ చెప్పినదాన్ని. అయినా పసుపుకుంకాల కింద ఇచ్చింది చాల్లెమ్మని సంతకం పెట్టేశాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. అన్నయ్యతో మాట పోతుందని భయం. సంతకం పెట్టేటప్పుడు చదివాను: పొలం ఎకరాల్లో, సెంట్లలో ఉంది. ఇల్లు ఎన్ని గదులో, ఏ దిక్కున గుమ్మమో ఉంది. పెరడు మాత్రం "దాని వెనుక ఖాళీ స్థలం" అని ఉంది. కంద, చిక్కుడు, ములగ, పనస, నలభై ఏళ్ల అమ్మ, అన్నీ కలిపి ఖాళీ! ఆ మాట కొట్టించి ఇంకోటి రాయించాలని నాకు తోచలేదు. ఏమని రాయించాలో ఇప్పటికీ తెలీదు.

ఇంకో ఆవిడ గురించి చెప్పకపోతే నేనూ ఆ దస్తావేజు రాసినవాడిలాంటిదాన్నే అవుతాను. పెరటికి గెత్తం మోసింది, కంద గోతులు తవ్వింది, పందిరికి కర్రలు పాతింది అమ్మ ఒక్కతే కాదు. పేట నుంచి ఒకావిడ వచ్చేది. సగం రోజు పనికి కాసిన్ని బియ్యం, కూర. వాళ్ల ఇంటి వెనక పెరడు లేదు, ఇంకో ఇంటి గోడ ఉంది. ఆకుకూర కావాలంటే వాళ్లు ఊడ్పుల నుంచి వస్తూ గట్ల మీద పొన్నగంటికూర గిల్లి ఒళ్లో వేసుకుని వచ్చేవారు. గట్టు మీద కలుపు మందు కొట్టడం మొదలయ్యాక అదీ పోయింది. "ఇంటి వెనక పండించుకున్నది తినాలి, అదే ఆరోగ్యం" అనే మాట ఎక్కడ విన్నా నాకు ఆ గోడ గుర్తొస్తుంది. అమ్మ ఆవిడకి మిగిలిన కూర పెట్టేది, నిజమే. కాయల్లో లేతవి ఇంటికీ, ముదురువి ఆవిడకీ వెళ్లేవి, అదీ నిజమే.

2020 డిసెంబరు మొదటివారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. వందలమంది ఆస్పత్రి పాలయ్యారు. రక్తం పరీక్షల్లో సీసం, నికెల్ కనబడ్డాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. నీళ్లలో, కూరల్లో పురుగుమందుల మాట కూడా వచ్చింది. ఆ వారం నేను ఉంగుటూరుకి రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. "బయట కూరలు కొనకండమ్మా. పెరట్లోవే తినండి" అన్నాను. చెల్లెలు బెంగుళూరు నుంచి అదే చెప్పింది. అన్నయ్య పిల్లలకీ పెరటి కూరే పెట్టమంది వదిన. అప్పటికే కరోనా. సగం బీడు పడ్డ పెరడుని అమ్మ మళ్లీ మళ్లు కట్టింది. తనకి 73 ఏళ్లు. ఆ సంక్రాంతికీ తర్వాతి సంక్రాంతికీ నాకు ఆర్టీసీ పార్సిల్లో చిక్కుడుకాయలు, వంకాయలు, కంద, వడియాలు వచ్చాయి. పెట్టె విప్పగానే ఆ మట్టి వాసనకి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. నేలలో విషం కలిపింది ఎవరో, దాన్నుంచి మమ్మల్ని కాపాడే బాధ్యత ఎవరిదో, మొత్తం మీద ఆ బాధ్యత ఒక ముసలావిడ మోకాళ్ల మీదికి చేరింది. చేర్చింది నేను. స్త్రీల శ్రమ గురించి రాసే నేను!

అందుకే పెరడు కాపాడ్డానికి బస్సు దిగినప్పుడు నాకు ఏ మాత్రం అనుమానం లేదు, అమ్మ నా పక్షమే అని.

రథసప్తమి ఇంకా రాలేదు. పందిరి మీద చిక్కుడు ఊదా రంగు పూలతో విరగబూసి ఉంది. పక్కనే ఇసుక గుట్ట. అమ్మ పీట మీద కూచుని ఆఖరి కాయలు ఈనెలు తీస్తోంది. "నువ్వు చెప్పమ్మా, నీకిష్టం లేకుండా ఎవరు గచ్చు చేస్తారో చూస్తాను" అన్నాను. అమ్మ తలెత్తి చూసి, "నేనే చేయించమన్నానే" అంది.

"నీకిష్టమైన పెరడు కదమ్మా!"

"ఇష్టమే. ఇష్టమైనంత మాత్రాన చచ్చేదాకా చెయ్యాలా?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి తనే అంది: "ఈ నాలుగేళ్లూ మీ కోసం ఉంచాను. వస్తూనే ఏదమ్మా చిక్కుడుకాయ, ఏదమ్మా కంద అంటారు. లేదనడానికి మనసొప్పదు. గచ్చు చేసేస్తే అడగరు కదా."

ఇన్నేళ్లుగా నేను తలకిందులుగా ఆలోచించానని అప్పుడర్థమైంది. బలవంతాన చేసే పని చాకిరీ, ఇష్టంతో చేసే పని స్వేచ్ఛ అని నా లెక్క. అమ్మకి వంటిల్లు బలవంతం, పెరడు ఇష్టం, కాబట్టి పెరట్లో ఆవిడ స్వేచ్ఛగా ఉందని తేల్చేశాను. బలవంతానికి ఎదురు తిరగొచ్చు. ఇష్టానికి ఎలా ఎదురు తిరుగుతాం? "నీకిష్టం కదా" అన్న మాట కంటే గట్టి తాడు లేదు. ఒకసారి ఇష్టంగా చేశావని తెలిస్తే చాలు, అది నీ గుణమైపోతుంది, ఆ తర్వాత నీ విధి అవుతుంది. ఆపేస్తే నువ్వు మారిపోయావంటారు. ఇష్టమైన పని మానుకునే హక్కు లేనప్పుడు దాన్ని ఇష్టం అనొచ్చా? మగవాళ్ల ఇష్టాలు ఇలా ఉండవు. నాన్నకి పేకాట ఇష్టం. ఆడాలనిపించినప్పుడు ఆడేవారు, మానాలనిపించినప్పుడు మానేశారు. ఆ పేకముక్కలు తలుచుకుని ఇన్నేళ్ల తర్వాత ఎవరూ ఏడవడం లేదు.

గోదావరి జిల్లాల్లో ఈ తాడుకి చాలా పవిత్రమైన పేరుంది, అన్నపూర్ణ అని. లంకలగన్నవరంలో 1909 దాకా బతికిన డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చినవాళ్లకి కూడా లేదనకుండా వండి పెట్టారని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. ఆవిడ గొప్పతనం మీద నాకు అనుమానం లేదు. ఆవిడ కథ మాకు ఎందుకు చెప్పారన్నదాని మీదే ఉంది. మా అన్నయ్యకి ఎవరూ ఆ కథ చెప్పలేదు. 2024లో ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఆ భోజనం వండే ఆడవాళ్లకి ఇచ్చేది నెలకి 1000 రూపాయలుండగా 2019లో 3000 చేశారు. దాని పేరు జీతం కాదు, గౌరవ వేతనం. మా వైపు బజార్లో పనసపొట్టు కొట్టి పెట్టినవాడు కాయకో ధర, కొట్టినందుకో ధర తీసుకుంటాడు. ఎవరూ వాడిని అన్నపూర్ణుడని పిలవరు, డబ్బిచ్చి పంపిస్తారు. ఆ మర్యాద చాలు అనిపిస్తుంది నాకు.

మరి నా నాలుక సంగతి? దాన్ని ఏం చెయ్యను? గచ్చు పడ్డ తర్వాత మొదటి చలికాలం నేనే కంద కొన్నాను. అమ్మ దగ్గర ఫోన్లో అడిగి, ఒక ఆదివారం మా వారూ నేనూ కూచుని చెక్కు తీశాం. చేతికి నూనె రాసుకోమంటే ఆయన వినలేదు, సాయంత్రం దాకా చెయ్యి కుళాయి కింద పెట్టుకునే ఉన్నారు. కూర బాగానే వచ్చింది. అమ్మది కాదు. ఆవ ఘాటు సరిపోలేదనుకున్నాను. తర్వాత తట్టింది, ఆవ కాదు తేడా. ఆ రుచిలో పొద్దున్న నాలుగింటికి లేచిన ఒక మనిషి నలభై ఏళ్లున్నాయి. అవి ఆదివారం పూట దొరకవు. అలాంటి రుచి మళ్లీ కావాలంటే అలాంటి బతుకు ఇంకొకరు బతకాలి. మా అమ్మ కాకపోతే వదిన, వదిన కాకపోతే వంటమనిషి, లేకపోతే నేను. అలాంటి రుచులు కొన్ని పోతే పోనీ అనగలగాలి. అంటున్నాను కూడా. మనస్ఫూర్తిగా అంటున్నానో లేదో మాత్రం, చలికాలం వచ్చి చిక్కుడుకాయ పులుసు వాసన ఏ పక్క ఫ్లాటులోంచో వచ్చినప్పుడు చెప్పలేను.

గచ్చు చేసేటప్పుడు అమ్మ ఏదైనా ఒక మూల తనకోసం వదలమంటుందేమో, మరువమో దవనమో వేసుకుంటుందేమో అని చూశాను. రాసుకోవడానికి బాగుంటుందని కాబోలు. అలాంటిదేమీ అడగలేదు. కరివేపాకు చెట్టు చుట్టూ ఒక మూర వదలమంది, అదీ వదిన కోసం. "మరి నీకు?" అంటే, "నాకేం. పొద్దున్న ఎండ బాగా పడుతుంది ఇక్కడ. కుర్చీ వేసుకుని కూచుంటా" అంది. కూచుంటోంది. కాకుల్ని తోలడం లేదు.

2025 ఉగాదికి వెళ్లాం. మామిడిపిందెలు, చెరుకు ముక్క, కొత్త బెల్లం తాడేపల్లిగూడెం నుంచి కొనుక్కొచ్చాడు అన్నయ్య. వేపపూత పక్కవాళ్ల చెట్టుది. వదిన పిల్లలకి తలంట్లు పోస్తోంది, నేను ప్రయాణపు బడలికతో ఆలస్యంగా లేచాను. పచ్చడి అన్నయ్యే కలిపాడు. ఎవరూ ముట్టకముందే, దేవుడి దగ్గర పెట్టడం కూడా మర్చిపోయి, చిన్న గిన్నెలో వేసుకుని తిన్నగా అమ్మ కుర్చీ దగ్గరికి పట్టుకెళ్లాడు. "ఎలా ఉందో చూడమ్మా" అన్నాడు. అమ్మ చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మేమందరం చూస్తున్నాం.

"ఉప్పు తగ్గింది" అంది.